బయట బీగం, లోపల మేము

మొన్న ఆదివారం మా అపార్టుమెంటులో మీటింగు పెట్టి, ప్రతి అంతస్తులోనూ మెట్ల దగ్గర ఇనుప గేటు బిగించాలని, రాత్రి పదింటికల్లా దానికి తాళం వేసి తాళంచెవి కింద వాచ్‌మన్ దగ్గర ఉంచాలని తీర్మానం చేశారు. పక్క కాలనీలో ఎవరింట్లోనో దొంగలు పడ్డారట. కర్నూలులో ఇరవై ఏళ్లుగా ఉంటున్నా ఇలాంటి మీటింగుల్లో నేను వెనక కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ తాగి, చెయ్యెత్తమన్నప్పుడు చెయ్యెత్తి వచ్చేదాన్ని. ఆ రోజు మాత్రం లేచి నిలబడ్డాను. గేటు పెట్టుకోండి, తాళం వేసుకోండి, కానీ తాళంచెవి లోపలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండాలి, లేకపోతే నేను ఒప్పుకోను అన్నాను. సెక్రటరీ మా పెద్ద మనవడి వయసు కుర్రాడు, మంచివాడే, నవ్వుతూ "అంతా మీ మంచికే కదవ్వా" అన్నాడు.

అంతే, చేతిలోని టీ గ్లాసు ముందు కుర్చీ మీద కొట్టినట్టు పెట్టాను, టీ ఒలికింది. వయసు వల్ల అనుకుని పక్కావిడ మంచినీళ్లు ఇచ్చింది. వయసు కాదు, కోపం. సరిగ్గా అదే మాట, అదే నవ్వుతో, డెబ్బై ఏళ్ల కిందట మైదుకూరులో మా జేజినాయన అన్నాడు. ఆయన పోయి కూడా యాభై ఏళ్లు దాటింది. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు. నేను ఉంచుకున్నాను. నా ఈడువాళ్లకు, ఆ కాలపు ఇళ్లనూ ఆ కాలపు పెద్దలనూ ఎరిగినవాళ్లకు, ఎందుకో చెబితే అర్థమవుతుంది.

జేజినాయన అంటే మా నాన్నకు నాన్న. మైదుకూరు బజారులో ఆయనకు అంగడి ఉండేది. పసుపు, బెల్లం, వేరుశనగ నూనె అమ్మేవాడు. కడప నుంచి కర్నూలు పోయే రోడ్డు మీద ఊరు కాబట్టి బండ్లూ బస్సులూ ఆగి, వ్యాపారం బాగానే సాగేది. మా ఇల్లు బజారు వెనక వీధిలో. రాయీ బురదమట్టీ పెట్టి కట్టిన మందపు గోడలు, పైన మట్టిమిద్దె. ఆ మిద్దెల్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్ల కోసం చెబుతాను, లోపలికి వెలుతురు రావడానికి, పొయ్యి పొగ పోవడానికి మిద్దెకు చదరంగా ఒక కంత వదిలేవారు, దాన్ని గవాచి అంటాం. దాన్లోంచి పడే ఎండ నేల మీద ఒక నాపరాయి నుంచి ఇంకో నాపరాయికి జరుగుతూ పోతుంటే, ఆ ఎండను చూసి మా జేజి, అంటే నాయనమ్మ, ఎసరు ఎప్పుడు పెట్టాలో చెప్పేది. గడియారం నడిమింట్లో గోడకు ఉన్నా దాని మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంటి వరస ఇది: వీధివైపు పడసాల, దాని వెనక నడిమిల్లు, ఆ వెనక వంటిల్లు, వంటింటి వెనక దొడ్డి. పడసాలకు పక్కగా ఒక గది ఉండేది, ఆ గదికి సందులోకి తెరుచుకునే చిన్న వాకిలి ఒకటి. ఈ వరస కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. నాకు పదమూడేళ్లు. ఎనిమిదో తరగతి చదువుతుండగా పెద్దమనిషినయ్యానని చదువు మాన్పించారు. నాతోపాటు చదివే పిల్లలు పొద్దున మా వీధిలోంచే బడికి పోయేవారు. నేను పడసాల కిటికీ దగ్గర కూర్చుని, లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఆపి ఆ రోజు ఏ పాఠం చెప్పారో అడిగి రాసుకునేదాన్ని. అది నాకు మిగిలిన బడి. ఒక్క కిటికీ.

ఆ చలికాలంలో మా ఎదురింటి వాళ్లు పెళ్లికి రాయచోటి వెళ్లినప్పుడు వాళ్లింట్లో నగల పెట్టె పోయింది. పట్టపగలు, ముసలామె ఒక్కతే ఇంట్లో ఉండగా పోయింది. తలుపు పగలలేదు, గోడకు కన్నం లేదు, గవాచి మీది బండ కదల్లేదు. తెలిసినవాళ్ల పనే అయ్యుంటుందని ఒకరిద్దరు అనబోతే పెద్దలు ఆ నోళ్లు మూయించి, వేలు ఊరి బయటి గుడిసెల వైపు చూపించారు. ఆ గుడిసెల్లో గంపలూ చాటలూ అల్లుకుని బతికేవాళ్లు ఉండేవారు. వాళ్ల కులం పేరు నేను రాయను. ఆ పేరునే దొంగ అనే అర్థంలో వాడడం చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను, ఇప్పుడు నా చేత్తో ఇంకోసారి వాడలేను. తెల్లదొరల కాలంలో వాళ్ల మగవాళ్లందరి పేర్లూ పోలీసు పట్టీలో ఎక్కించి, పొద్దుగూకితే ఠాణాకు వచ్చి కనబడాలని చట్టం ఉండేదట. ఆ చట్టం తీసేశారని మా నాన్న పేపరు చదివి చెప్పేవాడు. చట్టం పోయింది గానీ పట్టీ ఎక్కడికీ పోలేదు, ఠాణాలోనూ ఉంది, మా వీధి పెద్దల నోళ్లలోనూ ఉంది.

ఎదురింటి దొంగతనంతో జేజినాయనకు భయం పట్టుకుంది. భయమని ఆయన ఒప్పుకునేవాడు కాదు, జాగ్రత్త అనేవాడు. మొదట కమ్మరిని పిలిపించి కిటికీల ఊచల మధ్య ఇంకో వరస ఊచలు దిగగొట్టించాడు, చెయ్యి కూడా పట్టకుండా. తర్వాత వడ్లాయన, అంటే వడ్రంగి, వచ్చి కిటికీ రెక్కలను బయటినుంచి ఎవరూ తొంగిచూడకుండా సగం వరకు చెక్కలు పెట్టి బిగించాడు. నా బడి ఆ చెక్కల వెనక మూతపడింది. దొడ్డిగోడ మీద గాజుపెంకులు వచ్చాయి. వీధి తలుపుకు ఇనుప పట్టాలు, వాటి మీద గుండుసీలలు వచ్చాయి. గవాచి మీద బండ వేసి, దాని చుట్టూ మట్టి మెత్తించాడు. మూడు రోజుల్లో ఇల్లంతా పొగచూరిపోయి, మధ్యాహ్నం కూడా దీపం పెట్టుకోవలసి వచ్చింది. జేజికి ఎసరు పెట్టే వేళ తెలియక అన్నం ఆలస్యమైతే ఆయన కసిరేవాడు. అంగడిలో సరుకుకు కూడా భద్రత లేదనిపించి, బెల్లం గోతాలు, నూనె డబ్బాలు, ఖాళీ గోనెసంచులు తెచ్చి నడిమింట్లో మిద్దెకు తగిలేదాకా పేర్పించాడు.

చివరగా పక్కగది సందువాకిలి మూయించాడు. దానికి పిలిపించింది ఎవరినో కాదు, ఆ గుడిసెల్లో ఉండే మనిషినే. అతను గంపలు అల్లడంతోపాటు బావులు తవ్వడం, రాతిగోడలు పెట్టడం కూడా ఎరిగినవాడు. అతని భార్య మా ఇంటికి చాటలు తెచ్చి ఇచ్చేది. మనిషి సన్నగా, ఎత్తుగా ఉండేవాడు, మాట తక్కువ. వాళ్లను దొంగలనే నోటితోనే జేజినాయన వాళ్లను పనికి పిలవడం నాకు వింతగా తోచి అమ్మను అడిగితే, అతను కూలి తక్కువ తీసుకుంటాడని, పైగా దొంగ కట్టిన గోడకు దొంగ కన్నం వెయ్యడని మీ జేజినాయన నమ్మకమని చెప్పింది. అతను రెండు రోజులు పనిచేసి వాకిలి మేర రాళ్లు పేర్చి మట్టి పెట్టాడు. పని అయ్యాక జేజినాయనతో అన్న మాట నేను విన్నాను.

"సామీ, ఇది కొత్త కట్టుబడి. పాత గోడలోకి రాళ్లు దిగేసుకుని కడితే గట్టిగుంటాది. దానికి ఇంకా నాలుగు రోజులు పడతాది. ఇట్లే ఇడిస్తే మట్టి ఆరేదాక తోస్తే పడిపోతాది."

"నీకు ఇంకా నాలుగు రోజుల కూలి కావల్ల గదా, అందుకని చెప్తాండావు. పోరా, చాల్లే" అన్నాడు జేజినాయన. అతను గడ్డపార భుజాన వేసుకుని పోయాడు.

ఇంత చేశాక కూడా ఆయనకు ఒక అనుమానం మిగిలింది. తలుపులు ఎంత గట్టివైనా లోపల ఉన్న ఆడవాళ్లు ఎవరు పిలిచినా తీస్తారు కదా అని. గాజులమ్మే ఆమె వచ్చినా, సోది చెప్పే ఆమె వచ్చినా మేం తలుపు తీస్తామని, మాలో ఒకరు ఇల్లు దోచిపెడతారని. కాబట్టి మగవాళ్లు అంగడికి పోయేటప్పుడు వీధి తలుపుకు బయటినుంచి బీగం వెయ్యడం మొదలుపెట్టాడు. తాళాన్ని మేం బీగం అంటాం. కడప నుంచి తెప్పించిన ఇత్తడి బీగం, బత్తాయికాయంత ఉండేది. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు తీసేవాడు, తిని పోతూ మళ్లీ వేసేవాడు. దాని చెవి ఆయన మొలతాడుకు ఉండేది. ఇంకోటి మా నాన్నకు ఇమ్మని జేజి మెల్లగా అడిగితే వినిపించుకోలేదు. నలభై ఏళ్లు వచ్చిన కొడుకుకు ఇంటి తాళంచెవి ఇవ్వని మనిషి ఆయన. ఇవ్వమని అడగలేని మనిషి మా నాన్న. అమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. నొప్పులొస్తే ఎట్లా అని ఆమె భయపడుతూ అంటే జేజినాయన నవ్వి, "మీ మంచికే గదమ్మా, ఎవురి కోసం చేస్తాండా" అన్నాడు.

అమ్మకు అమ్మ లేదు కాబట్టి పురుడు మా ఇంట్లోనే వచ్చింది. అదృష్టం కొద్దీ తెల్లవారుజామున, మగవాళ్లు ఇంట్లో ఉండగా, తమ్ముడు పుట్టాడు. పక్కగదిలోనే మంచం వేశారు. మూసిన వాకిలి వైపు గోడ అప్పటికీ తడిమట్టి వాసన కొడుతూ ఉండేది.

తమ్ముడికి ఇరవై రోజులప్పుడు జేజినాయన సరుకు కోసం ప్రొద్దుటూరు వెళ్లాడు. పొద్దున బీగం వేసుకుని, చెవి మొలతాడుకు కట్టుకుని బస్సెక్కాడు. సాయంత్రం బస్సుకు గానీ రాడు. ఆ పూట నాన్న అంగట్లోనే తినేటట్టు అన్నం కట్టించుకుపోయాడు, ఎందుకంటే ఇంటికి వచ్చినా ఆయన లోపలికి రాలేడు.

పసివాడికి నీళ్లు పొయ్యాలని జేజి వంటింట్లో బుడ్డల పొట్టు పొయ్యి మీద కాగు పెట్టింది. వేరుశనగ కాయల పైపొట్టును గంపలకొద్దీ వంటింటి మూల పోసుకుని వంటచెరకుగా వాడుకునేవాళ్లం. ఎండాకాలం మొదలై ఆ పొట్టు పెళపెళలాడుతోంది. పిల్లవాడు ఏడిస్తే జేజి లేచి పక్కగదికి వచ్చి ఎత్తుకుంది. ఆ కాస్సేపట్లోనే పొయ్యిలోంచి పొట్టు రాలి నిప్పు కుప్పకు అంటుకుంది. నేను పడసాలలో ఉన్నాను. మొదట వాసన వచ్చింది, గవాచి మూసిన దగ్గర్నుంచి ఇంట్లో ఎప్పుడూ పొగే కాబట్టి పట్టించుకోలేదు. నడిమింటి గుమ్మంలోకి వెళ్లి చూసేసరికి వంటింటి తలుపు ఎర్రగా ఉంది, గోనెసంచుల కింది వరస అంటుకుని ఉంది. దొడ్డిలోకి పోవాలంటే ఆ మంటలోంచి పోవాలి. జేజి నన్ను తోసుకుని ముందుకు పోబోయి, చీర కొంగు అంటుకుంటే చేత్తో నలుపుకుంటూ వెనక్కి వచ్చింది. అప్పటికి ఒక నూనె డబ్బా పేలింది.

నేను వీధి తలుపు దగ్గరికి పరిగెత్తి రెండు చేతులతో బాదాను, అరిచాను. వీధివాళ్లు వెంటనే వచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎవరో అంగడికి పరిగెత్తారు, ఎవరో నీళ్లు తెచ్చారు, కిటికీ ఊచల్లోంచి చెంబు దూరక నీళ్లు చెక్కల మీదే పోశారు. నాన్న వచ్చిన అలికిడి, ఆయన రొప్పు తలుపు అవతల వినిపించింది. తలుపు తియ్యి నాయనా అని అరిచాను. ఆ తలుపు సందులోంచి నాన్న చెప్పిన మాట ఈ రోజుకూ నా చెవిలో అట్లాగే ఉంది.

"బీగంచెవి నా కాడ లేదు పాపా. మీ జేజినాయన ఎత్తకపోయినాడు."

రాయి తీసుకుని బీగాన్ని కొట్టడం మొదలుపెట్టాడు. ఇత్తడి మీద రాయి పడే చప్పుడు వింటూ నేను దగ్గుతూ నిలబడ్డాను. ఎవరో కమ్మరి కోసం పోయారు. ఆ తలుపుకు ఇనుప పట్టాలు వేసింది ఆ కమ్మరే. పొగ నడుము దాకా దిగింది. జేజి వచ్చి నా జడ పట్టుకుని పక్కగదిలోకి ఈడ్చుకెళ్లి తలుపు వేసింది. బిందెలో నీళ్లతో పాత చీర తడిపి తలుపు కింద దోపాం. అమ్మ పిల్లవాడిని నేల మీద పడుకోబెట్టి, తాను బోర్లా వాడి మీద గొడుగులాగా వంగి ఉంది. వాడు ఏడవడం మానేశాడు. ఏడుపు ఆగడం అంత భయం పుట్టిస్తుందని అంతవరకూ నాకు తెలియదు.

అప్పుడు మూసిన వాకిలి అవతలినుంచి ఒక గొంతు వినిపించింది.

"అమ్మా, లోపల ఎవురుండారు? గోడకాడ ఉండొద్దండి. ఆ మూలకు పోండి."

గంపలల్లే మనిషి. భార్యతో కలిసి సందు వెంట గంపల మోపుతో పోతూ అరుపులు విని, మోపు దించి, పక్కింటి దొడ్లో ఉన్న గడ్డపార అందుకున్నాడని తర్వాత తెలిసింది. జేజి అమ్మను, నన్ను మూలకు లాగింది. ఒక దెబ్బ, రెండు దెబ్బలు, మూడో దెబ్బకు పైవరస రాయి ఒకటి లోపలికి దొర్లింది. ఆ కంతలోంచి పడిన వెలుతురు, దాన్లో సుడి తిరిగిన పొగ, దాని వెనక మట్టి కొట్టుకుపోయిన అతని చెయ్యి నాకు ఇప్పటికీ కనబడతాయి. నాలుగు రాళ్లు కదిలాక మిగిలింది దానికదే కూలింది. ముందు పిల్లవాణ్ణి అందుకున్నాడు. తర్వాత అమ్మను, నన్ను. జేజి భారీ మనిషి, సగం వచ్చి ఇరుక్కుపోతే, అతను ఇంకో రెండు రాళ్లు పీకి, తానే పాక్కుంటూ లోపలికి పోయి, వెనకనుంచి తోశాడు. అతను బయటికి వచ్చేసరికి వీపు మీద బొబ్బలు తేలాయి, భుజం చీరుకుపోయింది. సందులో పడుకోబెట్టిన తమ్ముడి మొహం మీద అతని భార్య నోటితో ఊదుతూ ఉంది. వాడు తుమ్మి, ఏడ్చాడు. వీధి తలుపు దగ్గర మా నాన్న అప్పటికీ బీగాన్ని కొడుతూనే ఉన్నాడు, మేం బయటపడ్డామని ఎవరో వెళ్లి చెప్పేదాకా.

జేజినాయన సాయంత్రం బస్సు దిగాడు. మంటలు అప్పటికి ఆర్పేశారు. నడిమిల్లు, వంటిల్లు బూడిదయ్యాయి. మేము ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉన్నాం. ఆయన మా వైపు ఒకసారి చూసి, నాన్న దెబ్బలకు నొక్కుకుపోయిన బీగంలో చెవి తిరగక సందులోకి పోయి, ఆ కూలిన కంతలోంచే లోపలికి దూరి, పడసాలలో డబ్బు దాచుకునే ఇనుపపెట్టె బీగం సరిగ్గా ఉందో లేదో చూసుకుని వచ్చాడు. ఉంది. ఏమీ పోలేదు. వచ్చి ఆ కంత ముందు నిలబడి చాలాసేపు చూశాడు. ఎట్లా ఉన్నారని మమ్మల్ని అడుగుతాడని నేను ఎదురుచూశాను. ఎదురింటాయనతో ఆయన అన్న మాట ఇది.

"గోడను ఇంత బిరీన పడగొట్టినాడంటే, వాని చెయ్యి ఎన్ని గోడలు చూసింటాదప్పా."

ఎదురింటాయన తల ఊపాడు. తన నగల పెట్టె సంగతి ఎత్తాడు, ఆ మాట రాత్రికే ఠాణాకు చేరింది. తెల్లవారేసరికి హెడ్డు కానిస్టేబులు గంపలాయనను చేతులు వెనక్కి కట్టి మా వీధిలోంచి నడిపించుకుంటూ తెచ్చాడు. మా ఇంటి ముందు ఆపి, ఈ గోడ కొట్టింది వీడేనా అని జేజినాయనను అడిగాడు. వీడే అన్నాడు జేజినాయన. ఆ వాకిలి వాడి చేత మూయించింది తానేనని, మట్టి ఆరలేదని వాడు ముందే చెప్పాడని, అందుకే అది పడిందని చెప్పలేదు. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. అతను తల ఎత్తి జేజినాయన మొహంలోకి చూశాడు. తానుగా నోరు తెరిచి చెప్పలేదు, చెప్పినా ఎవరు వింటారని కాబోలు.

జేజి ఎదురింటి అరుగు మీదినుంచి లేచింది. కాలిన కొంగు అట్లాగే ఉంది. పెళ్లయి యాభై ఏళ్లకు దగ్గరైనా వీధిలో పదిమందిలో ఆమె గొంతు ఎవరూ విని ఎరగరు.

"ఆ వాకిలి మూయించింది మీరే గదా. మట్టి పచ్చిగుండాదని వాడు చెప్పలే? నేనూ విన్నా, పాపా వినింది. ఆ మాట హెడ్డుకు చెప్పండి."

"ఆడదానివి, నీకేం తెలుసు. లోపలికి పో" అన్నాడు ఆయన.

"యా లోపలికి పొమ్మంటావు?" అంది జేజి. "లోపల ఏముండాది? బూడిద ఉండాది. బీగమేసి పోతివే, మేం సచ్చింటే ఏ మొగం పెట్టుకుని తీసేవాడివి?"

యాభై ఏళ్ల ‘మీరు’ ఆ ఒక్క మాటతో ‘నువ్వు’ అయింది. మా నాన్న తల వంచుకుని తన అరచేతుల్లోని రక్తం గీతల వంక చూసుకుంటూ ఉన్నాడు. ఆయన కూడా చెప్పి ఉండవచ్చు. ఆయనకూ తెలుసు. జేజినాయన మీద నాకున్న కోపం లోకానికి తెలిసిందే, నాన్న మీద ఉన్నది ఎవరికీ చెప్పలేదు, ఇదే మొదటిసారి.

హెడ్డు ఆడవాళ్ల మాట పట్టించుకోలేదు. పెద్దాయన ఠాణాకు వచ్చి చెప్పాలని, లేకపోతే ఎదురింటి నగల సంగతి తేలేదాకా వాడు ఠాణాలోనే ఉంటాడని చెప్పి తీసుకుపోయాడు. ఆ రోజే జేజి నా చెయ్యి పట్టుకుని బజారు మధ్యనుంచి నడిచి ఠాణాకు పోయింది. మెట్ల మీద కూర్చున్నాం. మరుసటి రోజూ పోయాం. అతని భార్య మాకు కొంచెం దూరంలో కూర్చుని ఉండేది, మాతో మాట్లాడలేదు. లోపలినుంచి వచ్చే చప్పుళ్లు విని జేజి నా చెవులు మూయబోతే నేను ఆమె చేతులు తీసేశాను. వినాలనిపించింది. మా ఇంట్లోవాళ్లు చేయించిన పని ఎట్లా ఉంటుందో వినాలనిపించింది.

మూడో రోజు జేజినాయన వచ్చాడు. న్యాయం తోచి రాలేదు. శెట్టి పెండ్లాం ఠాణా మెట్ల మీద కూర్చుని ఉందని బజారంతా చెప్పుకుంటుంటే, అంగట్లో కూర్చోలేక వచ్చాడు. గోడ సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. అతన్ని వదిలేశారు. ఎడమ మోకాలు వాచి, కాలు మడత పడక, భార్య భుజం మీద చెయ్యి వేసి ఈడ్చుకుంటూ మా ముందు నుంచే పోయాడు. జేజి రెండు చేతులూ జోడించింది. అతను చూశాడో లేదో తెలియదు. ఆ వారంలోనే వాళ్లు గుడిసె ఎత్తేసి ఊరు విడిచిపోయారు.

ఎదురింటి నగలు ఎవరు తీశారో ఆ వానాకాలంలో తేలింది. ఎదురింటాయన బావమరిదే. పెట్టె ప్రొద్దుటూరులో తాకట్టులో దొరికింది. ఇంటి గుట్టు అని వాళ్లలో వాళ్లే సర్దుకున్నారు, ఠాణాకు ఎవరూ పోలేదు, ఆ బావమరిది ఆ తర్వాత కూడా పండక్కి వస్తే పీట వేసి అన్నం పెట్టారు. మా జేజినాయన ఆ మాట విని, కుర్రతనం, పొరపాటు చేశాడు అన్నాడు. మనవాడు చేస్తే పొరపాటు. ఆ నోటితో గంపలాయన మాట ఒక్కటి రాలేదు.

ఇల్లు బాగు చేయించేటప్పుడు ఆ కంతను మళ్లీ రాళ్లతో మూయించబోతే జేజి అడ్డం కూర్చుంది. అన్నం తినలేదు, లేవలేదు. చివరికి అక్కడ మళ్లీ తలుపు పెట్టించారు, గడియ లోపలివైపు. ఆ ఇత్తడి బీగం ఆ తర్వాత మా ఇంటికి పడలేదు. వేసవి సెలవులయ్యాక జేజి నా పుస్తకాలు నా చేతికిచ్చి ఆ వాకిట్లోంచి బడికి పంపింది. జేజినాయన చూసి మొహం తిప్పుకుని అంగడికి పోయాడు. ఆమెతో ఆయనకు మాటలు తగ్గిపోయాయి. పొగ పట్టిన ఊపిరి ఆమెకు మళ్లీ బాగుపడలేదు, దగ్గుతూనే ఇంకో ఆరేళ్లు బతికింది, నేను టీచరు ట్రైనింగుకు పోయేదాకా ఉంది.

చాలా ఏళ్ల తర్వాత, నాకు మంగంపేట దగ్గరి ఊరి బడికి బదిలీ అయింది. ముగ్గురాయి గనులు అప్పటికి జోరు మీద ఉన్నాయి. ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే, రోడ్డు పక్క రాళ్లు కొట్టేవాళ్లలో ఒక ముసలాయన ఎడమకాలు చాపుకుని కూర్చుని సుత్తితో కొడుతున్నాడు. ఆ చాపిన కాలు, ఆ భుజం మీది మచ్చ చూసి ఆగాను. మైదుకూరు శెట్టి మనవరాలినని చెప్పాను. అతను నన్ను తేరిపార చూసి, ముందు అడిగింది ఒకటే.

"ఆ పసిబిడ్డ బతికినాడా?"

బతికాడని, పెద్దవాడై ఉద్యోగం చేస్తున్నాడని చెప్పాను. మొహం కొంచెం విప్పారింది. ఇంత కాలం మనసులో కట్టుకున్న మాటలన్నీ అప్పుడు చెప్పబోయాను, క్షమించమని, మాది తప్పని. అతను సుత్తి పక్కన పెట్టాడు.

"నువ్వప్పుడు శానా చిన్నదానివి, నీకేం తెలుసు. మీ జేజి కూడా మంచిదే. కానీ మీ జేజినాయన ఆ పొద్దే ఒక్క మాట చెప్పింటే, నా కాలు నాకుండేదమ్మా. బావులు తవ్వేవాణ్ణి. ఇప్పుడు కూకోని రాళ్లు కొడతాండా."

కోపంగా అనలేదు. ఊరడించడానికీ అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. అతను మళ్లీ సుత్తి తీసుకున్నాడు, నేను వచ్చేశాను.

మైదుకూరులో మట్టిమిద్దెలు ఇప్పుడు లేవు, మా ఇల్లున్న చోట సిమెంటు మేడ ఉంది. నా విద్యార్థుల్లో అలాంటి గుడిసెల పిల్లలు చదువుకుని మేష్టర్లు కూడా అయ్యారు, అది చూసి సంతోషించాను. ఒక కేకకు వీధి మొత్తం పరిగెత్తుకొచ్చే కాలం మాత్రం పోయింది. ఆ వచ్చినవాళ్లలోనే వేలు చూపించేవాళ్లూ ఉండేవారు, కాబట్టి ఆ కాలం కోసం నేను పూర్తిగా ఏడవలేను. తమ్ముడు తన మనవళ్లకు ఈ కథ చెబుతుంటాడు. పోయిన వారం ఫోను చేసి, ఆయన పేరేంటక్కా, పిల్లలు అడుగుతున్నారు అన్నాడు.

నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మా, నాన్నా, జేజీ, అందరం అతన్ని కులం పేరుతోనే పిలిచాం. మంగంపేట రోడ్డు మీద అంతసేపు ఎదురుగా నిలబడి కూడా నేను అడగలేదు. ఠాణా పట్టీలో మాత్రం ఆ పేరు రాసి ఉండేది, తండ్రి పేరుతో సహా. జేజినాయన మీద డెబ్బై ఏళ్లుగా కోప్పడుతున్నాను, అందులో ఒక్క మాటా వెనక్కి తీసుకోను. కానీ ఈ పేరు అడగకపోవడం ఆయన మీదికి నెట్టడానికి ఎంత వెతికినా నాకు దారి దొరకడం లేదు.